జేఆర్ఎఫ్ రాని స్కాలర్‌కు దారేది?

గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసే స్కాలర్‌కు యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నెట్ పరీక్ష ద్వారా దక్కే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) రాకపోయినా నెలకు రూ. 8,000 నాన్-నెట్ ఫెలోషిప్ అందుతుంది. ఇన్నేళ్లుగా పెరగని ఆ మొత్తం నేటి ధరల్లో ఏ మూలకూ చాలదు. అయితే అదే ఊళ్లోని ఉస్మానియాలో అదే సబ్జెక్టుపై పనిచేసే స్కాలర్‌కు ఆపాటి ఆసరా కూడా లేదు. ఈ పథకం కేంద్రీయ విశ్వవిద్యాలయాలకే పరిమితం. కాకతీయ, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, ఆచార్య నాగార్జున వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల స్కాలర్లందరిదీ ఇదే పరిస్థితి. బయటి నుంచి వచ్చే ఫెలోషిప్ వారికి అదనపు గౌరవం కాదు, అదే బతుకుతెరువు. అది దొరక్కపోతే పార్ట్‌టైం పాఠాలు, కోచింగ్ సెంటర్లు, వాటి మధ్యలో ఏళ్ల తరబడి సాగే థీసిస్.

ఇంత కీలకమైన విషయంలో మన క్యాంపస్‌లలో వినిపించే సలహా ఒక్కటే: నెట్ రాయి, జేఆర్ఎఫ్ కొట్టు. 2024 జూన్ విడత యూజీసీ నెట్‌కు 6.84 లక్షల మంది హాజరైతే జేఆర్ఎఫ్ దక్కింది 4,970 మందికి. వందలో ఒక్కరికి కూడా కాదు. పరీక్ష రాయాల్సిందే, సందేహం లేదు. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు రూ. 37,000, రెండేళ్ల తరువాత వచ్చే సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) రూ. 42,000 అయ్యాయి. హాస్టల్‌లో లేనివారికి ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ), అందరికీ పరిశోధన ఖర్చులకు కంటింజెన్సీ అదనం. కానీ ఆ ఒక్క తలుపు దగ్గరే రెండు మూడేళ్లు నిలబడి, వయోపరిమితి దాటాక పక్క తలుపుల గురించి ఆరా తీయడం వల్ల జరిగే నష్టం తిరిగి పూడేది కాదు.

ఆ పక్క తలుపుల్లో చాలావాటికి నెట్‌లోనో, పీజీ మార్కుల్లోనో మూలం ఉంది. ఎస్సీ స్కాలర్లకు జాతీయ ఫెలోషిప్ కింద ఏటా 2,000, ఓబీసీలకు 1,000 స్లాట్లు ఉన్నాయి. వీటికి నెట్ ప్రతిభే ప్రాతిపదిక. జేఆర్ఎఫ్ కటాఫ్‌కు కాస్త దిగువన ఆగిపోయినవారికి ఇవి నేరుగా పనికొస్తాయి. ఎస్టీల ఫెలోషిప్ దారి వేరు. గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి, ఏటా 750 స్లాట్లు, ఎంపిక పీజీ మార్కుల మీద. నెట్ రాలేదు కదా అని దరఖాస్తే పెట్టని గిరిజన స్కాలర్లకు ఈ తేడా ఎవరో ఒకరు చెప్పాలి. తల్లిదండ్రులకు ఏకైక సంతానమైన ఆడపిల్లలకు యూజీసీ సావిత్రిబాయి జ్యోతిరావ్ ఫూలే ఫెలోషిప్ ఉంది. సైన్సు పీజీలో యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకు తెచ్చుకున్నవారికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ (డీఎస్‌టీ) ఇన్‌స్పైర్ ఫెలోషిప్ ఉంది. సోషల్ సైన్సుల వారికి భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్ఎస్ఆర్) డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. ఆ సంస్థ దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. మైనారిటీ స్కాలర్లకు ఆధారంగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను మాత్రం కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది. ఇతర పథకాలతో అది కలగలిసిపోతోందన్నది అప్పట్లో చెప్పిన కారణం. కానీ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ జాబితాల్లో లేని ముస్లిం, క్రైస్తవ స్కాలర్లకు ఆ స్థానంలో ప్రత్యేకంగా ఏదీ రాలేదు. ఇది సరిదిద్దాల్సిన అన్యాయం.

తెలుగు రాష్ట్రాల ఓబీసీ అభ్యర్థులకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కొకటి ఉంది. ఇక్కడ బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ అన్నవి రాష్ట్ర జాబితాలు. కేంద్ర ఓబీసీ జాబితా వేరు. రాష్ట్రంలో బీసీగా ఉన్న కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేనేలేవు. మీసేవలో సాధారణంగా ఇచ్చే కుల ధ్రువపత్రం కేంద్ర ఫెలోషిప్‌లకు చెల్లదు. కేంద్ర ప్రభుత్వ అవసరాలకంటూ ఓబీసీ ధ్రువపత్రం విడిగా తీసుకోవాలి. అందులో క్రీమీలేయర్‌కు చెందరన్న మాట ఉండాలి, తేదీ నోటిఫికేషన్ అడిగిన గడువులో ఉండాలి. పరీక్ష గెలిచి, ధ్రువపత్రాల పరిశీలనలో ఓడిపోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. నోటిఫికేషన్ రాకముందే జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో తమ కులం, అదే స్పెల్లింగ్‌తో, తమ రాష్ట్రం పేరు కింద ఉందో లేదో చూసుకోవాలి. ఆధార్, బ్యాంకు ఖాతా, నెట్ సర్టిఫికెట్ మూడింటిలోనూ ఇంటిపేరు ఒకేలా ఉందా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, మరోచోట వెనక, ఇంకోచోట ఒక్క అక్షరంగా కుదించి ఉంటాయి. డబ్బు ఖాతాలో పడకపోవడానికి తరచూ ఇదే కారణం.

ఫెలోషిప్ వచ్చాక కూడా అది తనంతట తాను రాదు. యూజీసీ సొమ్ము కెనరా బ్యాంకు పోర్టల్ ద్వారా జమ కావాలంటే, స్కాలర్ పనిలో ఉన్నాడని విశ్వవిద్యాలయం నెలనెలా ధ్రువీకరించాలి. అక్కడ ఒక ఉద్యోగి వివరాలు నమోదు చేయాలి, పై అధికారి ఆమోదించాలి. ఇద్దరిలో ఒకరు బదిలీ అయి లాగిన్ మారకపోతే ఆ నెల అందరి డబ్బూ నిలిచిపోతుంది. రెండేళ్లకు జేఆర్ఎఫ్ నుంచి ఎస్ఆర్ఎఫ్‌కు మారడానికి ముగ్గురు సభ్యుల కమిటీ పనిని మదింపు చేయాలి. బయటి నిపుణుడి తేదీ దొరకలేదని ఆ సమావేశం వాయిదా పడుతూ పోతే నెలకు రూ. 5,000 చొప్పున స్కాలర్ నష్టపోతుంటాడు. రెండేళ్లు నిండటానికి మూడు నెలల ముందే గైడ్‌తో ఆ కమిటీ పేర్లు పంపించుకోవడం మేలు.

ఇక తెలియనివాటిని వెతకడం. గూగుల్‌లో స్కాలర్‌షిప్ అని కొడితే గడువు తీరిన ప్రకటనలను మళ్లీ మళ్లీ అచ్చేసే సైట్లే ముందు కనిపిస్తాయి. దానికన్నా దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో మీ అంశానికి దగ్గరగా, గత ఐదారేళ్లలో సమర్పించిన ఇరవై థీసిస్‌లు తీయండి. మొదటి ఫైల్‌లోని కృతజ్ఞతల పేజీ చదవండి. ఎవరు ఏ ఫెలోషిప్ మీద చదివారో, ఏ ఆర్కైవ్‌కు ఎవరి ఖర్చుతో వెళ్లారో అందులో ఉంటుంది. సైన్సు వ్యాసాలైతే చివర ఫండింగ్ అనే భాగంలో సంస్థ పేరు, గ్రాంటు నంబరు సహా ఇస్తారు. పరిశోధన వ్యాసాల డేటాబేస్‌లైన స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అందుబాటులో ఉన్న లైబ్రరీల్లో ఫండింగ్ సంస్థ పేరుతోనే వెతకవచ్చు. మీలాంటి అంశానికి ఇప్పటికే డబ్బిచ్చిన సంస్థలు ఇలా ఒక్క వారాంతంలో తేలతాయి. ఏ డేటాబేస్ చందా కట్టినా దీన్ని మించిన జాబితా రాదు.

విదేశీ అవకాశాల్లో చాలామంది తప్పేది క్యాలెండర్ దగ్గర. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ భారత్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవారిని ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికా విశ్వవిద్యాలయానికి పంపుతుంది. గడువు సాధారణంగా జులై మధ్యలో ముగుస్తుంది. ప్రయాణం మరుసటి విద్యాసంవత్సరంలో. అంటే థీసిస్ మూడో ఏడాది చివర్లో అక్కడ ఉండాలనుకునేవారు రెండో ఏడాదిలోనే దరఖాస్తు పెట్టాలి. దానికి మూడు సిఫారసు లేఖలు, సొంత సంస్థ అనుమతి కావాలి. అమెరికాలో ఒక ఆచార్యుడి ఆహ్వాన లేఖ ఉంటే బలం. ఆ ఆచార్యుడికి తొలి మెయిల్ జనవరిలో వెళ్తే తప్ప జూన్‌కు లేఖ చేతికి రాదు. ఆ మెయిల్ పది వాక్యాలు మించకూడదు. ఆయన రాసిన ఏ పని మీ ప్రశ్నను ఎక్కడ తాకుతోందో రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే, అడగడానికి ఇంకా సమయం రాలేదని అర్థం. ఎంపికైనవారు వెళ్లేది జే-1 వీసా మీద కాబట్టి, ముగిశాక స్వదేశంలో రెండేళ్లు ఉండాలన్న నిబంధన వర్తిస్తుంది. వెంటనే అక్కడ ఉద్యోగ వీసా ఆలోచన ఉన్నవారు దీన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి.

తెలుగు సాహిత్యం, చరిత్ర చదివేవారికి విదేశీ ఫెలోషిప్‌లు మనవి కావన్న భావన బలంగా ఉంది. నిజానికి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులు, పాత తెలుగు అచ్చు పుస్తకాలు ఉన్నాయి. వాటిని చూడటానికి కొద్ది వారాల యాత్రకు చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్టు చిన్న గ్రాంట్లు ఇస్తుంది. ఏడాది దాకా బ్రిటన్‌లో ఉండి చదవడానికి కామన్వెల్త్ స్ప్లిట్-సైట్, జర్మనీకి అక్కడి విద్యా మార్పిడి సంస్థ డాడ్ (DAAD) స్వల్పకాలిక గ్రాంట్లు ఉన్నాయి. మరోపక్క తెలంగాణ ప్రభుత్వం రూ. 20 లక్షల దాకా ఇచ్చే విదేశీ విద్యానిధి విదేశీ విశ్వవిద్యాలయంలో డిగ్రీకి చేరేవారి కోసం. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేస్తూ మూడు నెలలు ఒక ఆర్కైవ్‌కు వెళ్లాలనుకునేవారికి అది అక్కరకు రాదు. ఆ నిధిలో అతి చిన్న భాగం ఇలాంటి స్వల్పకాలిక పరిశోధన యాత్రలకు కేటాయించినా ఫలితం చాలా పెద్దది.

ప్రపోజల్ సంగతికొస్తే, తిరస్కరణకు మొదటి కారణం ప్రశ్న లేకపోవడం. “ఒక పరిశీలన” అని ముగిసే శీర్షికలు మన విభాగాల్లో రిజిస్ట్రేషన్‌కు నడిచిపోతాయి, ఫెలోషిప్ కమిటీ ముందు నడవవు. ఏం తేలాలి, తేలకపోతే ఏమవుతుంది, ఏ ఆధారంతో తేలుతుంది అన్నవి మొదటి పేజీలోనే ఉండాలి. రెండో కారణం బడ్జెట్. ఫీల్డ్‌వర్క్‌కు రూ. 2 లక్షలు అని గుండు సున్నాల అంకె వేస్తే కమిటీ సగానికి కోస్తుంది. నాలుగు మండలాల్లో 200 కుటుంబాలు, రోజుకు ఐదు ఇంటర్వ్యూలు, అంటే 40 పనిదినాలు, ఇన్ని రోజుల బస, ఇంత బస్సు ఖర్చు, ఇన్ని గంటల రికార్డింగ్‌ను రాతలోకి దించడానికి ఇంత అని లెక్క కట్టి ఇస్తే కోయడానికి చోటు దొరకదు. సిఫారసు లేఖ అడిగేటప్పుడు నెల ముందే అడగాలి, ప్రపోజల్ సారాంశం కూడా ఇవ్వాలి. గడువుకు రెండు రోజుల ముందు అడిగితే వచ్చేది మంచి నడవడిక సర్టిఫికెట్ మాత్రమే.

అధ్యాపకుల పరిస్థితి ఇంకాస్త క్లిష్టం. డిగ్రీ కాలేజీ అధ్యాపకులు పరిశోధనలో తొలి అడుగు వేయడానికి ఆసరాగా ఉన్న యూజీసీ మైనర్ ప్రాజెక్టులు ఆగిపోయాయి. 2022లో ప్రకటించిన కొత్త గ్రాంట్లు రెండేళ్లకు రూ. 10 లక్షలు ఇచ్చినా, సర్వీసులో ఉన్నవారికి 200, కొత్తగా చేరినవారికి 132 మాత్రమే. అదీ దేశం మొత్తానికి. సైన్సు, ఇంజినీరింగ్‌లో 2024 ఫిబ్రవరి 5 నుంచి అమల్లోకి వచ్చిన చట్టంతో పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర బోర్డు సెర్బ్ స్థానంలో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ వచ్చింది. ఐదేళ్లలో రూ. 50,000 కోట్లు అన్నది లక్ష్యం. అందులో ప్రభుత్వ వాటా రూ. 14,000 కోట్లే, మిగతాది పరిశ్రమలు, ఇతర వనరుల నుంచి రావాలి. కెరీర్ తొలి దశలో ఉన్న అధ్యాపకులకు మూడేళ్లకు రూ. 60 లక్షల దాకా ఇచ్చే గ్రాంటు ఇందులో ఉంది. బలమైన సంస్థను కేంద్రంగా పెట్టి చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలను దానికి జోడించే పెయిర్ పథకం రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు అనువైనది. జీవశాస్త్రం, వైద్యం, ప్రజారోగ్యం చేసేవారికి కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ), బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్టు కలిసి నిధులిచ్చే ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

ఇలాంటి గ్రాంటు వచ్చిన ఆచార్యుడికి అసలు పరీక్ష తరువాతే మొదలవుతుంది. డబ్బు ఏడాదికో విడతగా వస్తుంది. తరువాతి విడత కావాలంటే వినియోగ ధ్రువపత్రం, అంటే అందరూ యూసీ అనే 12-ఏ ఫారం, దానితోపాటు ఖర్చుల పట్టిక పంపాలి. పరికరాల పద్దులో మిగిలిన సొమ్మును రసాయనాలకు వాడాలంటే అనుమతి తప్పనిసరి. ఖాతాలో వచ్చిన వడ్డీ తిరిగి ప్రభుత్వానికి జమ చేయాలి. ప్రాజెక్టు ఫెలో నియామకానికి ప్రకటన, కమిటీ, రిజిస్ట్రార్ సంతకం దాటేసరికి తొలి ఏడాదిలో సగం పోతుంది, జీతాల పద్దు ఖర్చుకాక మిగులుతుంది. ఆ మిగులు చూసి రెండో విడత కోస్తారు. పని చేయలేదని కాదు, ఫైలు కదల్లేదని.

ప్రతి ప్రాజెక్టుతో పాటు విశ్వవిద్యాలయానికి ఓవర్‌హెడ్స్ పేరుతో కొంత సొమ్ము వస్తుంది. ప్రాజెక్టుకు అండగా నిలిచే సౌకర్యాలు, సిబ్బంది కోసమే అది ఉద్దేశించింది. దాన్ని సాధారణ ఖాతాలో కలిపేయకుండా, ఆ డబ్బుతోనే పరిశోధన విభాగంలో ఇద్దరిని పెట్టాలి. ఒకరు గడువుల పట్టిక తయారుచేసి విభాగాలకు పంపుతూ, సంతకాలు, ధ్రువీకరణలు ఏడు రోజుల్లో తెప్పించాలి. మరొకరు యూసీలు, కొనుగోళ్లు, పద్దులు చూడాలి. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు దీన్ని విశ్వవిద్యాలయాల ఇష్టానికి వదలకుండా నిబంధనగా పెట్టాలి. దానితోపాటు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేని పూర్తికాల స్కాలర్లకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఇచ్చే ఆ రూ. 8,000 అయినా వచ్చే బడ్జెట్‌లో కేటాయించాలి.