ఎయిర్‌బస్ పక్కన పెట్టండి, ముందు సెస్నాలో ల్యాండింగ్ నేర్చుకోండి

ఇంట్లో కంప్యూటర్ మీద ఫ్లైట్ సిమ్యులేటర్ పెట్టుకున్న మన వైజాగ్ కుర్రాళ్లలో చాలామంది మొదటి రోజే ఎయిర్‌బస్ ఏ320 ఎక్కేస్తున్నారు. ఏదో వీడియో చూస్తూ వరసగా స్విచ్‌లు నొక్కడం, గాల్లోకి లేవగానే ఆటోపైలట్ పెట్టడం, హైదరాబాద్ దాకా స్క్రీన్ కేసి చూస్తూ కూర్చోవడం. తీరా రన్‌వే ఎదురయ్యాక ఏం చెయ్యాలో తెలీదు. పట్టుమని పది రోజులు కాకముందే "బోర్ కొట్టింది అన్నా, తీసేశా" అని మెసేజ్ వస్తుంది. చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. వాళ్లు అసలు విమానం నడపనే లేదు కదా!

స్కూటీ సరిగ్గా రాని పిల్లాడి చేతికి అరకు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు ఇస్తామా?

ఎయిర్‌బస్ మంచి విమానమే. కానీ అందులో కంప్యూటర్లే చాలా పని చూసుకుంటాయి. ముక్కు ఎత్తి స్టిక్ వదిలేస్తే అదే ఆ కోణంలో నిలబడుతుంది, ట్రిమ్ (స్టిక్ పట్టుకోకుండానే ముక్కుని ఒక చోట నిలబెట్టే సర్దుబాటు) కూడా అదే సర్దుకుంటుంది. కొత్తవాళ్లు ముందుగా చేత్తో నేర్చుకోవాల్సింది సరిగ్గా అదే. నేర్పాల్సిన పనిని తనే చేసేసే విమానంలో ఏం నేర్చుకుంటారు?

అందుకే సెస్నా 172, ఒకే ఇంజన్ ఉన్న చిన్న విమానం. ప్రపంచంలో ఇన్ని తయారైన విమానం ఇంకోటి లేదు, ఎంతోమంది పైలట్లు తొలి పాఠాలు నేర్చుకున్నది ఇందులోనే. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఉంది, ఎక్స్‌ప్లేన్ 12లో ఉంది, పైసా ఖర్చు లేని ఫ్లైట్‌గేర్‌లోనూ ఉంది. పాత కంప్యూటర్ అయితే ఫ్లైట్‌గేర్‌తో మొదలుపెట్టండి, చిన్నతనమేమీ కాదు. గ్రాఫిక్స్ కార్డు గురించి నెలల తరబడి చర్చించేవాళ్లకి ఒకటే మాట: సెట్టింగ్స్ తగ్గించుకుని సెకనుకి 30 ఫ్రేములు నిలకడగా వచ్చేలా చూసుకోండి, నేర్చుకోవడానికి అది చాలు. మేఘాలు ఎంత అందంగా ఉన్నా, దిగే సమయంలో స్క్రీన్ ఆగి ఆగి కదిలితే చెయ్యి కుదరదు.

డబ్బు పెట్టాల్సింది జాయ్‌స్టిక్ మీద. కీబోర్డుతో విమానం నడపడం నరకం, ఎందుకంటే కీ నొక్కితే అంతా, వదిలితే సున్నా, మధ్యలో ఏమీ ఉండదు. పిడి మెలితిప్పితే రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే తోక పలక) తిరిగే మామూలు జాయ్‌స్టిక్ కొనండి. యోక్ (స్టీరింగ్ లాంటి పిడి), రడ్డర్ పెడల్స్ తర్వాత చూసుకోవచ్చు. కొన్న రోజే ట్రిమ్‌ని దాని మీద రెండు బటన్లకి పెట్టుకోండి.

ఈ ట్రిమ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ల కష్టాల్లో సగం ఇక్కడే ఉన్నాయి. పవర్ మార్చినా, స్పీడు మారినా ముక్కు పైకో కిందికో పోతుంది. దాన్ని స్టిక్‌తో అదిమిపట్టి గంటసేపు నడిపితే మణికట్టు నొప్పి, విమానం మాత్రం ఎగుడుదిగుడు. చెయ్యాల్సింది ఇదీ: ముందు పవర్ పెట్టండి. స్టిక్‌తో ముక్కుని మీకు కావాల్సిన చోట పట్టుకోండి. స్పీడు కుదురుకునేదాకా ఆగండి. అప్పుడు చేతిలో బరువు పోయేవరకు ట్రిమ్ తిప్పండి. స్టిక్ వదిలేసినా ముక్కు కదలకపోతే అయినట్టే. ట్రిమ్‌తో ముక్కుని తిప్పకండి, స్టిక్‌తో తిప్పి, ట్రిమ్‌తో నిలబెట్టండి. ఇది చేతికి వచ్చాక మిగతాదంతా సగం తేలిక.

ఎక్కడ ప్రాక్టీస్ చెయ్యాలి? మన ఊళ్లోనే. నిజంగా అయితే మన ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా, అక్కడ సరదాకి చక్కర్లు కొట్టడం కుదిరే పని కాదు. సిమ్యులేటర్‌లో మిమ్మల్ని ఆపేవాళ్లు లేరు. 10/28 రన్‌వే (ఒక కొసన దిగితే 10, రెండో కొసన దిగితే 28 అంటారు) పొడవు సుమారు 3,050 మీటర్లు, అంటే 10,000 అడుగులు. సెస్నా నేల విడవడానికి 1,000 అడుగులు చాలు. ఇంత పెద్ద రన్‌వే ఉంటే కొత్తవాళ్లకి టెన్షన్ ఉండదు. పైగా కిందున్నవన్నీ మనకి తెలిసిన చోట్లు. 28 మీద దిగడానికి సముద్రం వైపు నుంచి వస్తుంటే ఎడమ పక్క డాల్ఫిన్స్ నోస్, ముందు హార్బర్. ఆ ఆనందం ముందు న్యూయార్క్, దుబాయ్ ఏపాటి?

కొండలతో మాత్రం జాగ్రత్త. సర్క్యూట్, అంటే టేకాఫ్ అయ్యి రన్‌వే పక్కగా చుట్టు తిరిగి మళ్లీ దిగే దారి, మామూలుగా రన్‌వే కంటే 1,000 అడుగుల ఎత్తులో తిరుగుతారు. సింహాచలం అప్పన్న గుడి ఉన్నది కూడా దాదాపు ఆ ఎత్తులోనే. ఉత్తరం వైపు డౌన్‌విండ్‌ని (రన్‌వే పక్కగా, దిగే దిశకి ఎదురుగా వెళ్లే భాగం) మరీ దూరం తీసుకుపోతే ఎదురుగా కొండే. సర్క్యూట్ రన్‌వేకి దగ్గరగా ఉంచుకోండి.

టేకాఫ్‌లో ప్రొపెల్లర్ వల్ల ముక్కు ఎడమకి లాగుతుంది, కుడి రడ్డర్ ఇవ్వండి. 55 నాట్లకి (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కి.మీ.) మెల్లగా స్టిక్ లాగండి, 74 దగ్గర ఎక్కనివ్వండి. ఇదంతా సులువే, ల్యాండింగే అసలు చదువు.

ఫైనల్‌లో, అంటే రన్‌వేకి తిన్నగా దిగే చివరి భాగంలో, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున ఉండే పలకలు) పూర్తిగా దించి 65 నాట్లు పట్టుకోండి. స్పీడు ముక్కుతో, దిగే వేగం పవర్‌తో అని గుర్తు పెట్టుకోండి. రన్‌వేకి 3 నాటికల్ మైళ్ల దూరంలో 900 అడుగులు, 2 మైళ్లకి 600 ఉంటే సరైన దారిలో ఉన్నట్టే. రన్‌వే పక్కన పాపీ దీపాలు (దిగే కోణం సరిగ్గా ఉందో లేదో చూపించేవి) ఉంటే రెండు తెలుపు, రెండు ఎరుపు కనపడాలి. ఎక్కడ దిగాలనుకున్నారో ఆ చోటు ముందు అద్దంలో పైకీ కిందికీ జరగకూడదు. పైకి జరుగుతుంటే మీరు ఆ చోటు చేరకముందే నేలకి దిగిపోతున్నారు, కొంచెం పవర్ ఇవ్వండి. నేల దగ్గరికి రాగానే చూపు రన్‌వే చివరికి మార్చండి. ముక్కు ముందున్న నేలని చూస్తే ఎత్తు తెలీదు, స్టిక్ ఎక్కువ లాగేస్తారు, విమానం మళ్లీ పైకి లేచి దబ్బున పడుతుంది. ఎగిరిందా, మొండిగా కిందికి తొయ్యకండి. ఫుల్ పవర్, గో అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం), ఫ్లాప్స్ ఒక్కో మెట్టు పైకి. గో అరౌండ్ చేస్తే పరువు పోతుందనుకునేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. నిజం పైలట్లకి అది రోజువారీ పద్ధతి.

మొదట్లో గాలి సున్నాలో పెట్టుకోండి. చెయ్యి కుదిరాక దక్షిణం నుంచి 8 నాట్లు పెట్టండి. 28 మీద దిగుతుంటే ఎడమ పక్క నుంచి కొడుతుంది. ముక్కు కొంచెం గాలి వైపు పెట్టి రండి, నేల తాకేముందు రడ్డర్‌తో తిన్నగా చేసి, ఎడమ రెక్క కొంచెం దించండి. లైవ్ వెదర్ (బయట అప్పుడున్న అసలు వాతావరణం) ఆ తర్వాతే.

పైలట్ అవ్వాలనుకునే పిల్లలకి, వాళ్ల అమ్మానాన్నలకి ఒక మాట. కమర్షియల్ లైసెన్సుకి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగే 200 గంటల్లో ఇంటి సిమ్యులేటర్ గంట ఒక్కటి కూడా కలవదు. అలాగని వృథా కాదు, చెక్‌లిస్టు క్రమం, సర్క్యూట్ ఆకారం, మీటర్లు చదవడం ముందే వచ్చేస్తాయి. కానీ సిమ్యులేటర్ నుంచి వచ్చిన వాళ్లకి మీటర్లకి కళ్లు అతికించే అలవాటు ఉంటుంది, దాన్ని వదిలించడానికి ఇన్‌స్ట్రక్టర్లు తల పట్టుకుంటారు. అందుకని ఇప్పటినుంచే ఎక్కువసేపు కిటికీలోంచి బయటికి చూడండి. ముక్కుకి, క్షితిజరేఖకి మధ్య ఎంత ఖాళీ ఉందో అదే మీకు స్పీడు చెబుతుంది.

ల్యాండింగ్ కుదిరాక తీరం పట్టుకుని భీమిలి దాకా వెళ్లి రండి, అటు పది నిమిషాలు, ఇటు పది నిమిషాలు. తర్వాత రాజమండ్రి. తిన్నగా 90 నాటికల్ మైళ్లు, 110 నాట్లకి ముప్పావు గంట పైన పడుతుంది. జీపీఎస్ ఆపేసి, హైవే, రైలు పట్టాలు చూసుకుంటూ వెళ్లండి. ఎయిర్‌పోర్టు ఊరికి ఉత్తరాన మధురపూడిలో, గోదావరికి ఇవతలే ఉంది. నది దాటేశారంటే వెనక్కి తిరగండి.