సవరణ: జాతీయ శాఖ పేరుకు అనువాదం ఒక్కటే చాలదు

అంతర్జాతీయ సేవాసంస్థకు దేశంలో శాఖ పెట్టేటప్పుడు, దాని పేరును స్థానిక భాషలోకి మార్చి రిజిస్టర్ చేయిస్తే చాలని కిందటిసారి రాశాం. అది తప్పు. ముందు మాతృసంస్థ నుంచి ట్రేడ్‌మార్కు వాడుకకు రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. శాఖ హోదా పోతే పేరు ఏమవుతుందో ఆ పత్రంలో చూడకుండా సంతకం పెట్టొద్దు. లెటర్‌హెడ్డు, బ్యాంకు ఖాతా, రసీదు పుస్తకం అన్నీ ఆ పేరు మీదే ఉంటాయి మరి.

అర్థం చెడకపోతే అనువాదం బాగా పనిచేస్తుంది. 1971లో పారిస్‌లో ఫ్రెంచి పేరుతో పుట్టిన వైద్య సంస్థ అమెరికాలో ‘డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్’గానే జనానికి తెలుసు. వికీపీడియా వెనక ఉన్న సంస్థ వికీమీడియా సంగతి వేరు: జనానికి తెలిసింది వికీపీడియా పేరే. కాబట్టి బ్యానరు మీద శాఖ పేరు కిందే ఆ సంబంధం చెప్పే ఒక పంక్తి ఉండాలి.

‘రెడ్‌క్రాస్’ను కొత్త సంఘం పేరులో కలపొచ్చన్న మాటనూ వెనక్కి తీసుకుంటున్నాం. ఆ పేరుకూ, గుర్తుకూ 1949 జెనీవా ఒప్పందాల రక్షణ ఉంది.