మూడు హిట్ల దూరంలో ఆగిపోయిన కిరీటం

2024 మేజర్ లీగ్ బేస్‌బాల్ సీజన్లో షోహే ఒహ్తానీ 54 హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి) బాదాడు. 130 ఆర్‌బీఐలు సాధించాడు. (మన రిజర్వు బ్యాంకుతో సంబంధం లేదు. తన బ్యాటింగ్‌తో జట్టుకు తెచ్చిపెట్టిన పరుగులవి.) మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో రెండింట్లోనూ అతనే ఫస్ట్. బ్యాటింగ్ సగటులోనూ ముందుంటే ట్రిపుల్ క్రౌన్ దక్కేది. 1937లో జో మెడ్విక్ తర్వాత ఆ లీగ్‌లో ఎవరికీ అందని ఘనత అది. కానీ ఒహ్తానీ సగటు 0.310 దగ్గర ఆగింది. లూయిస్ అరాయెజ్ 0.314తో టైటిల్ పట్టుకుపోయాడు.

అరాయెజ్ 637 ఎట్‌బ్యాట్లలో (సగటు లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలు) 200 హిట్లు (బంతిని కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరడం) కొట్టాడు. ఒహ్తానీ 636లో 197. ఆర్నెల్ల సీజన్లో ఫీల్డర్ల చేతికి చిక్కిన బంతుల్లో ఏ మూడో కాస్త పక్కన పడి ఉంటే కిరీటం చేతులు మారేది.

అంతమాత్రాన ఆ ఏడాది మేటి హిట్టర్ అరాయెజ్ అనుకోవాలా? నేను అనుకోను. చిక్కంతా ఆ సగటులోనే ఉంది. క్రికెట్లో సగటు అంటే చేసిన పరుగుల లెక్క. ఇక్కడ హిట్ల లెక్క. మొదటి బేస్ దాకా పరిగెత్తినా ఒకటే, బంతిని స్టాండ్స్‌లో పడేసినా ఒకటే. సిక్సర్‌కీ, థర్డ్‌మ్యాన్ వైపు తోసి తీసిన సింగిల్‌కీ ఒకే మార్కు వేస్తే ఐపీఎల్ చూసే మనవాళ్లు ఊరుకుంటారా? హిట్ల ద్వారా దక్కిన బేస్‌లు లెక్కేస్తే ఒహ్తానీవి 411, అరాయెజ్‌వి 250. నాలుగు చెడ్డ బంతులు వదిలేసి వాక్ (కొట్టకుండానే మొదటి బేస్) సంపాదించడం ఒహ్తానీకి 81 సార్లు కుదిరింది, అరాయెజ్‌కి 24 సార్లే. సగటులో వాటికి చోటే లేదు.

పైగా అరాయెజ్ ఇలా అడ్డుపడటం రెండోసారి. 2022లో ఆరన్ జడ్జ్ 62 హోమ్ రన్లతో అమెరికన్ లీగ్ రికార్డు తిరగరాశాడు, 131 ఆర్‌బీఐలూ చేశాడు. సగటు మాత్రం 0.311. అప్పుడు మిన్నెసోటా ట్విన్స్‌లో ఉన్న అరాయెజ్‌ది 0.316. మధ్యలో 2023లో మయామీ మార్లిన్స్ తరఫున 0.354. మూడేళ్లు, మూడు జట్లు, మూడు టైటిళ్లు! మూడోది చేజిక్కించుకునేనాటికి శాన్ డియాగో పాడ్రెస్‌లో ఉన్నాడు.

ఇంత చెప్పినా అరాయెజ్ బ్యాటింగ్ అంటే నాకు ఇష్టమే. పిచర్లు గంటకు 150 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో విసిరే ఈ రోజుల్లో హిట్టర్లంతా హోమ్ రన్ కోసం బలంగా ఊపి స్ట్రైకౌట్ (బంతిని కొట్టలేకపోయి అవుట్) అవుతుంటారు. ఒహ్తానీయే 162 సార్లు అయ్యాడు. 2024లో లీగుల మొత్తం సగటు 0.243 దగ్గరే ఉండటానికి అదొక పెద్ద కారణం. బొటనవేలి లిగమెంట్ దెబ్బతిన్నా 150 మ్యాచ్‌లాడిన అరాయెజ్ స్ట్రైకౌట్ అయింది 29 సార్లే. ఈ ఎడమచేతి వాటం బ్యాటర్ దూరంగా వెళ్లే బంతిని చేతులు చాచి, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) తల మీదుగా మెల్లగా దాటిస్తాడు. క్యాచ్‌కి అందదు, అవుట్‌ఫీల్డర్ వచ్చేలోపు పచ్చికలో పడుతుంది.

సీజన్ మొత్తానికి ఒకణ్ని ఎంచుకోమంటే కళ్లు మూసుకుని ఒహ్తానీ పేరు చెప్తాను. ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అవార్డు ఓటింగ్‌లో 30 మొదటి ఓట్లూ అతనికే పడ్డాయి, అది న్యాయమే. చివరి ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు కావాలి, మూడో బేస్ మీద రన్నర్ ఉన్నాడు, స్ట్రైకౌట్ అయితే అంతే సంగతులు అన్నప్పుడు మాత్రం నేను పంపేది అరాయెజ్‌నే.