నడికట్టు గారికి బాలింత విన్నపం

గౌరవనీయులైన నడికట్టు గారికి,

వంగి నమస్కారం పెడదామనుకున్నాను గానీ మీరు వంగనివ్వరాయె.

అమ్మమ్మ పాత నేతచీర చింపితే పుట్టారు మీరు. మీ వంశంలోనే ఒకాయన మెడికల్ షాపులో వెల్‌క్రో అంటించుకుని అట్టపెట్టెలో కూర్చున్నాడు. ధర వేరు, హామీ ఒకటే: "గట్టిగా బిగిస్తే పొట్ట లోపలికి పోతుంది." లోపల ఎక్కడికి పోతుందో మాత్రం ఇద్దరూ చెప్పరు.

గర్భసంచి తనంతట తానే సుమారు ఆరు వారాల్లో పాత సైజుకి ముడుచుకుంటుంది. సన్మానం మీకు! పొట్ట మధ్య ఎడంగా జరిగిన కండరాలు దగ్గరపడాలంటే నెలలు పట్టొచ్చు, తగిన వ్యాయామమూ కావాలి. ఆ ముక్క చెప్పే పెద్దమ్మ మా వైపు ఇంకా పుట్టలేదు.

మీ మేలు మరవకూడదు. కోత పడ్డవాళ్ళకి మంచం దిగేటప్పుడూ దగ్గొచ్చినప్పుడూ మీరే ఆసరా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే, కాబట్టి ఇక్కడ మీకు చేతినిండా పని. అయినా పొరలు పొరలుగా కోసి కుట్టిన పొట్టను చూసి "నొప్పిగా ఉందా" అనేవాళ్ళు తక్కువ. "ఇంకా ఏడో నెలలా ఉన్నావేమే" అనేవాళ్ళే అందరూ. తొమ్మిది నెలలు ఒకరు కాపురమున్న ఇంటికి గోడల మీద మేకుల గుర్తులైనా ఉండవా అండీ?

ఆసుపత్రిలో పిల్ల చేతికి వేసిన పట్టీ మీద "బేబీ ఆఫ్" అని, పక్కన నా పేరు రాశారు. నా పేరుకి అదే ఆఖరి వైభవం. ఇంటికొచ్చాక "బాలింత తిన్నదా, బాలింత పడుకుందా". బారసాల అయ్యాక "పాప వాళ్ళమ్మ". పాలు పడుతున్నాయా అని లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్ కూడా వాకబు చేశాడు. నిద్ర పడుతోందా అని అడిగిన పుణ్యాత్ములు లేరు.

అన్నట్టు, ఈ తొమ్మిది నెలల్లో మా ఆయనకీ పొట్ట వచ్చింది. నాకు వికారమని పక్కన పెట్టిన సున్నుండలన్నీ పాపం ఆయనే తిన్నారు. చూసినవాళ్ళు "తండ్రయ్యాక మనిషికి కళొచ్చింది" అంటున్నారు. తాతల నాటి వృత్తి కదా మీది, ఒక్క మగ పొట్టకైనా చుట్టుకున్నారా?

రేపు మీరు ఉతుకులో ఉంటారు. దండెం మీద మీరు ఆరేలోపు నేను బ్యాంకుదాకా వెళ్ళొస్తాను. పెద్ద పనేమీ లేదు, కౌంటర్లో పేరడిగితే ఇంటిపేరుతో సహా చెప్పి రావాలని ఉంది. అమ్మ అడిగితే ఇంకా తడిగానే ఉన్నానని చెప్పండి.

ఇట్లు,
పాప వాళ్ళమ్మ
(పేరు కూడా ఉంది)