పోప్ స్పృహ కోల్పోతే ఎవరు తేల్చాలి?

పోప్ రాజీనామా చేయవచ్చు. కేథలిక్ చర్చి సొంత చట్టమైన 1983 నాటి కానన్ చట్టంలో 332వ నిబంధన రెండే షరతులు పెట్టింది: నిర్ణయం ఎవరి బలవంతమూ లేకుండా తీసుకోవాలి, దాన్ని తగిన రీతిలో వెల్లడించాలి. ఎవరి ఆమోదమూ అక్కర్లేదు. 75 ఏళ్లు నిండిన బిషప్, హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ అయినా సరే, రాజీనామాను పోప్‌కు పంపి జవాబు కోసం ఆగాలి. పోప్‌కు పైవారూ లేరు, వయోపరిమితీ లేదు.

2013 ఫిబ్రవరి 11న పోప్ 16వ బెనడిక్ట్, పోప్‌ను ఎన్నుకునే ఉన్నత మతాధికారులైన కార్డినల్స్ ఎదుట లాటిన్‌లో ప్రకటన చదివి, 28వ తేదీ రాత్రి 8 గంటలకు పదవి ఖాళీ అవుతుందన్నారు. 1415లో 12వ గ్రెగరీ తప్పుకున్నాక మళ్లీ అదే మొదటి రాజీనామా. బలవంతం లేదని అంత స్పష్టంగా తేలడం ఎందుకు ముఖ్యమో 1294 నాటి ఘటన చెబుతుంది. అయిదు నెలలకే పదవి వదిలిన 5వ సెలెస్టీన్‌ను ఆయన తర్వాత వచ్చిన 8వ బోనిఫేస్ ఫ్యుమోనె కోటలో నిర్బంధించారు. ఆ రాజీనామాయే చెల్లదంటూ బోనిఫేస్ ప్రత్యర్థులు ఆయన ఎన్నికను సవాలు చేశారు.

తొలగింపునకు మాత్రం దారి లేదు. రోమ్ పీఠంపై, అంటే పోప్‌పై, ఎవరూ తీర్పు చెప్పలేరని 1404వ నిబంధన ఒక్క ముక్కలో తేల్చింది. ఎన్నుకున్న కార్డినల్స్ కూడా దించలేరు. 15వ శతాబ్ది మొదట్లో జరిగిన చర్చి సభ, కాన్‌స్టన్స్ మహాసభ, ఇద్దరిని తొలగించింది కదా అనేవారు ఒకటి గమనించాలి: అప్పుడు ముగ్గురు తామే పోప్ అంటున్నారు, తొలగించిన ఆ ఇద్దరినీ నేటి చర్చి అసలు పోప్‌లుగా లెక్కించదు. ఈ రక్షణ ఉండాల్సిందే. లేకుంటే రాజులూ ప్రభుత్వాలూ తమకు నచ్చని పోప్‌ను దించే పని పెట్టుకునేవారు.

అసలు లోటు వేరే ఉంది. పోప్ కోమాలోకి వెళితే రాజీనామా ఇవ్వలేరు, ఇంకొకరు ఆయన్ను తప్పించలేరు. పీఠం ఖాళీ అయినా, పోప్ ఉన్నా పనిచేయలేక అది పూర్తిగా స్తంభించినా పాలనలో కొత్త మార్పులేవీ చేయకుండా ప్రత్యేక చట్టాలను పాటించాలని 335వ నిబంధన అంటుంది. ఖాళీకి 1996 నాటి చట్టం ఉంది. స్తంభనకు ఏదీ రాలేదు. వైద్యం మనిషిని ఏళ్ల తరబడి మంచం మీద బతికించగల ఈ కాలంలో ఆయన కోలుకునేదాకా లేదా చనిపోయేదాకా కొత్త బిషప్‌లను నియమించేవారే ఉండరు.

6వ పాల్ 1965లో, ఫ్రాన్సిస్ 2013లో అనారోగ్యంతో పనిచేయలేని స్థితి వస్తే వర్తించేలా ముందుజాగ్రత్తగా రాజీనామా లేఖలు రాసిపెట్టారు. మంచి ఉద్దేశమే, కానీ చాలదు. లేఖలోని పరిస్థితి వచ్చిందని ఎవరు ధ్రువీకరించాలి? ఏళ్ల కిందటి సంతకాన్ని నేటి స్వేచ్ఛా నిర్ణయంగా ఎలా ఒప్పుకోవాలి? ఒక వర్గం కాదంటే తర్వాతి ఎన్నికే వివాదంలో పడుతుంది, చర్చి చీలుతుంది.

వైద్యుల బృందాన్ని ఎవరు నియమించాలి, ఎన్ని నెలలకోసారి పరీక్షించాలి, కార్డినల్స్‌లో ఎంతమంది ఒప్పుకోవాలి అన్నవి చట్టంలోనే ఉండాలి. ఆ చట్టాన్ని తెలివిలో ఉన్న పోప్ ఒక్కరే చేయగలరు. 69 ఏళ్లకు ఎన్నికైన పోప్ 14వ లియో ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.