మిషనరీ దంపతులను డిసెంబర్‌లో లెక్కలు అడగకండి

మా అక్క, బావగారు ఇథియోపియాలో కొండల మీది ఒక చిన్న ఊళ్లో మిషన్ సేవలో ఉన్నారు. బావగారు బడిలో సైన్స్ చెబుతారు, అక్క పక్కనే ఉన్న క్లినిక్‌లో నర్సు. విశాఖలో చేతులుంచి ప్రార్థన చేసి వాళ్లను పంపిన సంఘం నుంచి డిసెంబర్ రాగానే మెసేజ్ వెళ్తుంది: "అక్కడ క్రిస్మస్ ఎలా చేస్తున్నారు? ఎంతమంది వస్తున్నారు? 24 సాయంత్రంలోగా వీడియో పంపండి, స్క్రీన్ మీద వేయాలి." దయచేసి ఇది ఆపండి.

అక్కడ డిసెంబర్ 25 మామూలు పనిరోజు. వాళ్ల క్రిస్మస్ పేరు గెన్నా, అది జనవరి 7న వస్తుంది. మన దగ్గర జ్ఞానాపురంలో వీధివీధికీ స్టార్లు వెలిగి, రాత్రి క్యారల్స్ రౌండ్స్ తిరుగుతూ ఉంటే, బావగారు ఆ రోజు పొద్దున్నే బడికి వెళ్లి పాఠం చెప్పి వస్తారు. అక్కకు డ్యూటీ ఉంటుంది. సాయంత్రం ఇద్దరూ కూర్చుని లూకా రెండో అధ్యాయం చదువుకుని ప్రార్థన చేసుకుంటారు. పోయినసారి పంపిన ఫోటో అదే. దాన్ని చూసి మన పెద్దల్లో ఒకరు "ఇంతేనా?" అన్నారు. ఆ మాట అక్క చెవిన పడింది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

అది "ఇంతే" కాదు. ఆ రోజు వాళ్ల ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను. గెన్నాకు ముందు అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు 43 రోజులు ఉపవాసం ఉంటారు. మాంసం, గుడ్లు, పాలు, వెన్న ఏవీ ముట్టరు. అక్క వాళ్ల వాకిలీ పక్కింటావిడ వాకిలీ ఒకటే. ఆవిడ ఉపవాసంలో ఉండగా కోడికూర వాసన ఎలా రానిస్తామని అక్క ఆ రోజు కూర మానేసింది. శనగపిండితో చేసే షిరో, అన్నం, ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన ఆవకాయ. అదే వాళ్ల పండగ భోజనం. జనవరి 7న మాత్రం పక్కింటావిడ తానే వచ్చి వీళ్లను పిలుచుకెళ్లింది. నేల మీద పచ్చగడ్డి పరిచి, కోడికూరలో ఉడికిన గుడ్లు వేసి, ఇంజెరా అనే పుల్లటి పెద్ద అట్టు మీద వడ్డించింది. తర్వాత కళ్లముందే కాఫీ గింజలు వేయించి, దంచి, మూడు విడతలు కాఫీ పోసింది. ఒక ఊరి నమ్మకం సంపాదించడమంటే ఇదే. దీన్ని ఏ స్క్రీన్ మీద వేస్తారు?

పైగా ఇథియోపియాలో క్రైస్తవం 4వ శతాబ్దం నుంచి ఉంది. అక్కడి ప్రాచీన అక్సుమ్ రాజ్యం ఎజానా రాజు కాలంలోనే ఆ విశ్వాసాన్ని స్వీకరించింది. మనవాళ్లు వెళ్లింది పిల్లలకు చదువు చెప్పడానికి, బాలింతలను చూసుకోవడానికి. ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారని వాళ్లను అడగడంలో అర్థమే లేదు.

మన ఊరి చరిత్ర అయినా గుర్తు చేసుకుందాం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. ఓడలో ఉత్తరం రావడానికి నెలలు పట్టే కాలం. తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు, క్రైస్తవుడిగా మారిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. 1809లో క్రాన్ చనిపోయారు, ఆ మరుసటి ఏడే డెస్ గ్రాంజెస్. మత్తయి, మార్కు, లూకా సువార్తలు కలకత్తా దగ్గరి సేరంపూర్‌లో అచ్చయింది 1812లో. ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకునే భాగ్యం ఇద్దరికీ దక్కలేదు. నెలనెలా ఎంతమంది మారారో చెప్పమని వాళ్లనూ అడిగి ఉంటే పంపడానికి ఏముండేది? వాళ్లు ఓపికగా చేసిన పని ఫలం తింటున్నది మనం. అదే ఓపిక మన పిల్లల మీద చూపించలేకపోతున్నాం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎవరికి కష్టం కలిగినా సరే. "డిసెంబర్‌లో స్టేజీ, సౌండ్, లైటింగ్ ఖర్చులున్నాయి, మీ సపోర్ట్ జనవరిలో కలిపి పంపుతాం" అని చెప్పిన ఏడాది ఉంది. ఆ నెల వాళ్లు బడి గుమస్తా దగ్గర అప్పు చేసి ఇంటద్దె కట్టారు. బావగారి తల్లికి ఒంట్లో బాగోక ఇక్కడ కేజీహెచ్‌లో చేర్చినప్పుడు, ఒక్కసారి వచ్చి చూసి వెళ్తామంటే "సేవ మధ్యలో ఆపుతారా?" అన్నారు. తల్లిని చూసుకోవడం సేవకు అడ్డం ఎలా అవుతుంది? ఆ ప్రశ్నకు నాకు ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు.

అడిగితే అసలు సంగతులు అడగండి. సముద్రం పక్కన చెమటలో పెరిగిన పిల్ల, ఆ ఎత్తులో డిసెంబర్ రాత్రులు ఎలా గడుపుతోందో అడగండి. అక్కడ కొబ్బరినూనె గడ్డకట్టి సీసాలోంచి రాదు. అంత ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, కుక్కర్ లేకపోతే పప్పు ఎంతసేపటికీ ఉడకదు. కుళాయి రాని రోజుల్లో పసుపురంగు ప్లాస్టిక్ డబ్బాలతో నీళ్లు మోసుకోవాలి, అదీ డ్యూటీ అయ్యాక. బావగారి వాక్యబోధ గురించి అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్క నడుంనొప్పి గురించి అడిగింది మా అమ్మ ఒక్కతే.

ఈసారి సంఘం కమిటీకి నేను రాసిచ్చింది ఇది: వాళ్ల సపోర్ట్ నవంబర్ నెలాఖరుకే పంపాలి. వీడియో అడగకూడదు. రెండేళ్లకోసారి ఇద్దరికీ రానుపోను టికెట్లు బడ్జెట్‌లోనే పెట్టాలి. ఇంకొకటి, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకోవడానికి ఇథియోపియా నుంచి ఎందరో విద్యార్థులు ఏళ్లుగా వస్తున్నారు. వాళ్లకు జనవరి 7న ఇక్కడ మామూలు క్లాసులే, అచ్చం డిసెంబర్ 25న మా అక్కకు ఉన్నట్టే. ఆ రోజు వాళ్లను ఇంటికి భోజనానికి పిలవాలి.

అక్కతో మాట్లాడాలనుకునేవాళ్లు మన టైమ్ రాత్రి తొమ్మిదికి చేయండి. వాళ్లకు అప్పుడు సాయంత్రం ఆరున్నర, డ్యూటీ నుంచి వచ్చి ఉంటుంది.