జీతం చాలని ప్రేమలు

వేర్వేరు దేశాలవాళ్లు పెళ్లి చేసుకుని, "మీ దేశమా, మా దేశమా, ఎక్కడ కాపురం పెడదాం?" అని చర్చించుకోవడం చూస్తే జాలేస్తుంది. ఎక్కడ చలి ఎక్కువ, ఎవరి అమ్మానాన్నలు పెద్దవాళ్లయ్యారు, పిల్లల చదువు ఎక్కడ బాగుంటుంది, ఎవరికి ఎవరి భాష త్వరగా అబ్బుతుంది... ఇలా అర్ధరాత్రి దాకా మాట్లాడుకుంటూనే ఉంటారు. ఎంపిక తమ చేతిలోనే ఉందన్న ధీమా! ఇంత బాధ్యతారాహిత్యం పనికిరాదు. వాళ్లు ఎక్కడ ఉండాలో ప్రభుత్వాలు ఎప్పుడో తేల్చేశాయి. ఆ తీర్పు ఏ ఫారంలో ఉందో వెతుక్కుని ఫీజు కట్టడమే దంపతుల వంతు.

ముందుగా బ్రిటన్‌ను అభినందించాలి. ప్రేమ లోతు ఎంతో కవులు ఇన్ని శతాబ్దాలుగా తేల్చలేక నానుస్తుంటే, ఆ దేశపు హోంశాఖ 2012లో ఒక్క అంకెతో పని ముగించింది. విదేశీ జీవిత భాగస్వామిని తెచ్చుకోవాలంటే ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం ఉండాలంది. అన్నిటి ధరలూ పెరుగుతుంటే ప్రేమ ఒక్కటే చవగ్గా దొరికితే ఏం బాగుంటుంది? 2024 ఏప్రిల్‌లో దాన్ని 29,000 చేశారు. కాబట్టి 28,900 సంపాదించే బ్రిటిష్ అమ్మాయికి భర్త మీద ఉన్నది ప్రేమ కాదని ఎవరూ అనడం లేదు. వంద పౌండ్లు తక్కువైన ప్రేమ, అంతే.

భర్త బయటి దేశంలో ఎంత సంపాదిస్తున్నా అది లెక్కలోకి రాదు. బ్రిటన్‌లో ఉద్యోగం ఖాయమైందని ఆఫర్ లెటర్ జతచేసినా రాదు. ఇంకా దేశంలో అడుగుపెట్టని మనిషి జీతాన్ని నమ్మడం ఎలా? జీతం లేకపోతే పొదుపు చూపించొచ్చు. మొత్తం పొదుపు మీదే రావాలంటే 88,500 పౌండ్లు ఆరు నెలలు చేతిలో ఉండాలి. అందులో మొదటి 16,000 అసలు లెక్కే వేయరు. ఎందుకు వేయరని అడిగేవాళ్లు కాపురానికి తగరు. ఈ ఆదాయ నిబంధన చాలామందిని కష్టపెడుతుందని 2017లో అక్కడి సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, సూత్రప్రాయంగా చట్టబద్ధమేనంది. కష్టం కష్టమే, చట్టం చట్టమే.

కొందరు బ్రిటిష్ పౌరులు మాత్రం మధ్యలో ఒక దారి పట్టారు. సురీందర్ సింగ్ అనే భారతీయుడు, ఆయన బ్రిటిష్ భార్య జర్మనీలో కొంతకాలం ఉద్యోగం చేసి బ్రిటన్‌కు తిరిగొచ్చారు. వాళ్ల కేసులో 1992లో యూరోపియన్ న్యాయస్థానం తీర్పిస్తూ, అలా తిరిగొచ్చే జంటలకు బ్రిటన్ సొంత నిబంధనలు కాక యూరప్ నిబంధనలు వర్తిస్తాయంది. ఇంకేం? ఆదాయం చాలని జంటలు ఐర్లాండ్ లాంటి చోటికి వెళ్లి, ఇల్లు అద్దెకు తీసుకుని, కొన్నాళ్లు పనిచేసి వెనక్కి వచ్చేవి. సొంత దేశంలో సొంత భార్యతో ఉండటానికి పక్క దేశం మీదుగా రావడం! యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ తప్పుకున్న బ్రెగ్జిట్ వచ్చి ఈ తిరుగుడు బాధ తప్పించింది. ఇప్పుడు ఎక్కడి వాళ్లక్కడే ఉండొచ్చు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న మాటను శాసనంగా రాసుకున్న ఘనత జర్మనీది. జర్మన్ పౌరుడు ఫిలిప్పీన్స్ అమ్మాయిని చేసుకుంటే, ఆమె సాధారణంగా రాకముందే జర్మన్ భాషలో ఏ1 అనే తొలిమెట్టు పరీక్ష పాసై రావాలి. అదే పక్కింట్లో ఉద్యోగం చేసుకుంటున్న పోలండ్ పౌరుడు అదే ఫిలిప్పీన్స్ అమ్మాయిని చేసుకుంటే పరీక్ష అక్కర్లేదు, ఎందుకంటే అతనికి వర్తించేది యూరప్ చట్టం. జపాన్, అమెరికా, ఆస్ట్రేలియా పౌరులకూ ఈ పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. వాళ్లందరికీ జర్మన్ పుట్టుకతోనే వస్తుందని నేను సర్దిచెప్పుకున్నాను.

డెన్మార్క్ గురించి కాస్త తీరుబడిగా చెప్పుకోవాలి. పెళ్లి చేసుకోవడానికి యూరప్‌లో అంత సులువైన దేశం అరుదు. ఏరో అనే చిన్న ద్వీపానికి ఎక్కడెక్కడి నుంచో విదేశీ జంటలు ఫెర్రీ ఎక్కి వచ్చి, తక్కువ కాగితాలతో పెళ్లి చేసుకుని వెళ్తుంటాయి. ఊరు బాగుంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. కాకపోతే వెళ్లిపోవడమే అందులో ముఖ్యమైన భాగం. అదే డెన్మార్క్ 2002 నుంచి, బయటి దేశపు జీవిత భాగస్వామిని తెచ్చుకుని కాపురం పెట్టాలంటే ఇద్దరికీ 24 ఏళ్లు నిండాలంటోంది. బ్యాంకు గ్యారంటీ వగైరా అదనం. 2018 దాకా ఇంకో షరతు కూడా ఉండేది: ఇద్దరి అనుబంధాలూ కలిపి చూస్తే, డెన్మార్క్‌తో ఉన్నది మిగతా ఏ దేశంతో ఉన్నదానికన్నా బలంగా తేలాలి. ఒకరితో ఒకరికి ఉన్న అనుబంధాన్ని ఎవరూ తూచలేదు, అది వాళ్ల సొంత విషయం.

దీనికి డేనిష్ జంటలు చేసిందేమిటంటే, 2000లో కొత్తగా తెరిచిన వంతెన దాటి స్వీడన్‌లోని మాల్మోలో ఇల్లు తీసుకోవడం. పగలు కోపెన్‌హాగన్‌లో ఉద్యోగం, రాత్రి మాల్మోలో సంసారం. ఇంజినీర్లు ఆ వంతెన కట్టింది రైళ్లకు, కార్లకు. దాని మీద ఇంతమంది అల్లుళ్లూ కోడళ్లూ నడుస్తారని వాళ్లు అంచనా వేసి ఉండరు.

ఇక సాక్ష్యాల సంగతి. పెళ్లి సర్టిఫికెట్ చూపించి, పెళ్లయిందని నమ్మమనేంత అమాయకులు ఎవరైనా ఉంటే ఆస్ట్రేలియా పార్ట్‌నర్ వీసా ఫారం ఒక్కసారి తిరగేయాలి. 9,000 డాలర్లకు పైగా ఫీజు కట్టాక, ఆ కాపురం నిజమైనదేనని నాలుగు వైపుల నుంచీ రుజువు చేయాలి: డబ్బు, ఇల్లు, నలుగురిలో గుర్తింపు, నిబద్ధత. ఇల్లు అన్నచోట, ఇంటిపని ఎలా పంచుకుంటారన్నది కూడా పరిశీలిస్తారు. ఇది వేళాకోళం కాదు, వాళ్ల నిబంధనల్లోనే ఉంది.

ఆ వాంగ్మూలం రాసే రాత్రిని ఊహించుకోండి. భర్త ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, "వంట ఇద్దరం సమానంగా చేసుకుంటాం" అని టైప్ చేస్తాడు. భార్య వెనక నిలబడి చదువుతుంది.

"సమానంగానా?"

"ఏదో ఒకటి రాయాలిగా."

"తప్పుడు సమాచారం ఇస్తే వీసా ఇవ్వరని కింద రాసుంది చూడు."

అతను "సమానంగా" కొట్టేసి "వీలైనప్పుడల్లా" అని రాస్తాడు. ఆమె ఇంకా కదలదు. చివరికి "చెత్త నేను పారేస్తాను" దగ్గర ఒప్పందం కుదురుతుంది. ఎన్నో ఏళ్లుగా ఏ పెద్దమనుషులూ తీర్చలేని తగువును ఒక వీసా ఫారం గంటలో తీర్చింది. వలస శాఖలను తిట్టేముందు ఇలాంటివి గుర్తు పెట్టుకోవాలి.

అమెరికాలో అనుమానం వస్తే ఇద్దరినీ వేర్వేరుగా కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడిగి జవాబులు పోల్చి చూస్తారు. ఇద్దరి జవాబులూ అచ్చు గుద్దినట్టు కలిస్తే బట్టీ పట్టారంటారు, కలవకపోతే దొంగ పెళ్లంటారు. భార్య చెప్పేది సగమే చెవినేసుకునే భర్తలకు ఈ దేశం సురక్షితం కాదు. పాసయ్యాక కూడా, గ్రీన్ కార్డు వచ్చేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే ఇచ్చేది రెండేళ్ల షరతు కార్డే. ఆ గడువు ముగిసేలోపు, ఇంకా కలిసే ఉన్నామని మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. పెళ్లికి వారంటీ అడిగినా తప్పులేదు, అమెరికా కదా.

ఒకప్పుడు అక్కడ ఈ గొడవే లేదు. 1907 నాటి చట్టం ప్రకారం అమెరికన్ స్త్రీ విదేశీయుణ్ని పెళ్లి చేసుకుంటే ఆమె పౌరసత్వం దానంతటదే పోయేది. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన ఎథెల్ మెకంజీ, స్కాట్లండ్ గాయకుణ్ని పెళ్లాడాక ఓటరుగా నమోదు చేసుకోబోతే, నువ్వసలు అమెరికన్‌వే కాదు పొమ్మన్నారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1915లో ఓడిపోయింది. ఆమె ఊరు మారలేదు, దేశమే ఆమెను వదిలి వెళ్లింది. విదేశీ అమ్మాయిని చేసుకున్న అమెరికన్ మగవాడికి మాత్రం ఈ సదుపాయం లేదు, ఉన్న పౌరసత్వంతోనే సరిపెట్టుకోవాలి. 1922 నుంచి దాన్ని సడలిస్తూ వచ్చారు. అయితే ఆ చట్టం వెనకున్న ఆలోచనకు అభిమానులు పూర్తిగా పోలేదు. తండ్రిలాగే తల్లి కూడా తన పౌరసత్వాన్ని పిల్లలకు ఇవ్వగలగడం ఇప్పటికీ 20కి పైగా దేశాల్లో కుదరదు.

ఇంత చదివాక కొందరికి మెరుపులాంటి ఆలోచన వస్తుంది. నీ దేశం వద్దు, నా దేశం వద్దు, ఇద్దరం కలిసి మూడో దేశానికి పోదాం, అక్కడ ఇద్దరం పరాయివాళ్లమే, సమానం! కెనడా మార్కుల విధానం ఇలాంటివాళ్ల కోసమే ఉంది. వయసు, చదువు, భాష, అనుభవం, అన్నిటికీ మార్కులు. ఒంటరివాడికి మొదటి విడతలో గరిష్ఠంగా 500. పెళ్లయినవాడికి 460, మిగతా 40 జీవిత భాగస్వామి సంపాదించి పెట్టాలి. ఆమె ఆ దేశపు భాషా పరీక్ష రాయకపోయినా, చదువు తక్కువైనా ఆ మేరకు కోత. పెళ్లి వల్ల నష్టమెంతో ఇంత నికరంగా చెప్పిన ప్రభుత్వం మరొకటి లేదు.

అందుకే ఇద్దరి మార్కులూ పక్కపక్కన పెట్టి, ఎక్కువ వచ్చినవాళ్లను ప్రధాన దరఖాస్తుదారు చేస్తారు. రెండోవాళ్లు ఆ రోజు అన్నం సరిగ్గా తినరు. అప్పటికీ కటాఫ్‌కు పది మార్కులు తగ్గితే, ఆ ఫారంలోనే ఇంకో గడి ఉంది: జీవిత భాగస్వామి వెంట వస్తున్నారా, లేదా? లేదు అని టిక్ పెడితే ఒంటరివాళ్ల లెక్కన మార్కులు వేస్తారు. కలిసి బతకడానికి బయల్దేరిన జంట అక్కడ ఆగి, కాలిక్యులేటర్ తీసి, రెండు విధాలుగానూ లెక్క కట్టి చూసుకుంటుంది.